మా అన్న వేయని వేషం

మా అన్న నాటకంలో తన పోర్షన్ మొత్తం ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. మాటలు తెలుగువే. నాటకం ప్రతిని ఒళ్ళో పెట్టుకుని నేను ఒక్కో వాక్యం నెమ్మదిగా చదువుతుంటే, ఆయన కుడి నుంచి ఎడమకు చకచకా రాసుకుంటూ పోయేవాడు. మధ్యలో ఆగి, "ఏందది చెల్లె, మళ్ళొకసారి చదువు," అనేవాడు. నిజాం కాలంలో బడికి పోయిన మగవాళ్ళకు మా వంటి ఇళ్ళలో ఇది వింత కాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది ఉర్దూ. నేను నాలుగో తరగతి దాటలేదు కాబట్టి ఆ చిక్కు నాకు రాలేదు. తెలుగు చదవడం అమ్మ నేర్పింది. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. సుల్తాన్ బజార్‌లో నాన్న బట్టల దుకాణంలో, తానుల వెనక కూర్చుని, నాకు నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడింది. అబిడ్స్‌లో కొన్ని దుకాణాల లెక్కలు ఇంటికి తెచ్చుకుని చూస్తాను. ఏ కూడికనైనా పై నుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి వేయకుండా వదలను. అన్న ఆ నాటకంలో వేషం వేయకపోయిన సంగతిని కూడా చాలా ఏళ్ళు అలాగే వేసి చూశాను. ఎటు నుంచి చూసినా ఒకే మనిషి దగ్గరికి వచ్చి ఆగింది. ఆ మనిషి నా భర్త.

అన్న నాంపల్లిలో ఒక బడిలో పంతులు. మా ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. నా పెళ్ళికి ముందే వాళ్ళిద్దరూ స్నేహితులు. అసలు సంబంధం తెచ్చింది అన్నే. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా పుట్టిల్లు పెద్దది. వాకిలికి ఒక వైపు అన్న, వదిన, అమ్మ. రెండో వైపు మేము. పొద్దున ఒకే పేపరు మధ్యన పరుచుకుని ఇద్దరూ చాయ్ తాగేవారు. అన్నకు చక్కెర ఎక్కువ కావాలి. ఆ సంగతి వదిన మరిచినా మా ఆయన మరిచేవాడు కాదు. ఎవరికి ఏం కావాలో గుర్తు పెట్టుకోవడం ఆయన గుణం. అందుకే ఆయనంటే అందరికీ ఇష్టం.

ఇద్దరికీ నాటకాల పిచ్చి. గణపతి పండుగలకు, బడి వార్షికోత్సవాలకు కలిసి వేసేవారు. రాజధాని హైదరాబాద్‌కు వచ్చాక కర్నూలు నుంచి ఆఫీసులతో పాటు చాలామంది ఆంధ్ర వాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకాయన నాటకాలు బాగా తెలిసినవాడు. గన్‌ఫౌండ్రీలోనే ఒక ఇంట్లో వాటా కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆయన మా ఆయన ఆఫీసుకే రావడంతో పరిచయమైంది. మేమంతా ఆయనను డైరెక్టర్ సాబ్ అనేవాళ్ళం. ఆయన ఆ పిలుపు విని మొదట్లో నవ్వేవారు.

పరాయి దేశపు పాత విషాద నాటకాల తీరులో ఆయన తెలుగులో ఒక నాటకం రాసుకున్నారు. ఒక కోట, దానికొక సేనాపతి. ఆయన కింద ఒక ఉపసేనాని. తనకు రావలసిన పదవి సేనాపతి ప్రేమగా చూసుకునే ఒక కుర్రవాడికి పోయిందని వాడికి లోపల మంట. వాడు కత్తి దూయడు. సేనాపతి పక్కన నిలబడి, ఆ కుర్రవాడి మీద ఒక్కో మాట జారవిడుస్తాడు. చివరికి సేనాపతి ఆ కుర్రవాడికి మరణశిక్ష వేసి, ఆ తర్వాత నిజం తెలుసుకుంటాడు.

గన్‌ఫౌండ్రీలో ఒక బడి హాల్లో సాయంత్రాలు రిహార్సల్స్. తెలుగు ప్రతి చకచకా చదవగలిగినదాన్ని కాబట్టి మాటలు అందించే పని నాకు ఇచ్చారు. అన్న, భర్త ఇద్దరూ అక్కడే ఉన్నారు కాబట్టి అమ్మ అడ్డు చెప్పలేదు.

ఎవరికి ఏ వేషమో తేల్చిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ముందు మా ఆయన సేనాపతి మాటలు చదివాడు. బాగానే చదివాడు. మా నాటకాల్లో ఎప్పుడూ పెద్ద వేషం ఆయనదే. తర్వాత అన్న లేచాడు. కోట గోడ మీద నిలబడి చనిపోయిన సైనికులను తలుచుకునే మాటలవి. అన్న గొంతు లోతైనది. చదువుతుండగానే డైరెక్టర్ సాబ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అయిపోయేదాకా కూర్చోలేదు.

"ఇదండీ నాకు కావలసిన గొంతు!" అన్నారు.

అన్న సిగ్గుపడ్డాడు. "మా మాట జర మోటుగ ఉంటది సాబ్. మీ తీరు నాకు రాదు."

"మోటు కాదు మాస్టారూ, బరువు. సేనాపతి మాటకి బరువుండాలి. ఆ 'జర' ఒక్కటి తీసేయండి చాలు."

అందరూ నవ్వారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా ఆయన. "చూసిన్రా, మా బావ!" అని అన్న భుజం మీద చెయ్యేశాడు. ఆయనకు ఉపసేనాని వేషం ఇచ్చారు.

"ఇదే కష్టమైన వేషమండీ," అన్నారు డైరెక్టర్ సాబ్ ఆయనతో. "వీడు ఎక్కడా గట్టిగా మాట్లాడకూడదు. చూసేవాళ్ళకి వీడు అవతలివాడి మేలు కోరుతున్నట్టే ఉండాలి."

మా ఆయన తల ఊపాడు. ఆ వేషం ఆయన ఎంత బాగా చేశాడంటే, రిహార్సల్‌లో నేను మాటలు అందించడం మరిచి చూస్తుండిపోయేదాన్ని.

ఆ రోజుల్లోదే ఒక తమాషా చెప్పాలి, చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. పాత హైదరాబాద్ ఇళ్ళలో ఎవరైనా తినమంటే వెంటనే కూర్చోరు. "వద్దు, ఇప్పుడే తిన్న," అంటారు. ఇంటివాళ్ళు మళ్ళీ అడగాలి. మళ్ళీ వద్దంటారు. చెయ్యి పట్టి కూర్చోబెడితే అప్పుడు తింటారు. అడిగించుకోవడం గర్వం కాదు, అడగడం అవతలివాళ్ళు ఇచ్చే మర్యాద, ఇజ్జత్. ఒక ఆదివారం డైరెక్టర్ సాబ్ ఇంటికి అన్న, మా ఆయన పోయారు. ఆయన భార్య పెసరట్లు వేసి పళ్ళెం తెచ్చింది. అన్న అలవాటు ప్రకారం, "వద్దమ్మా, తినే వచ్చిన," అన్నాడు. ఆమె, "అలాగా అండీ," అని పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. మా ఆయన ఒక్క మాటకే తీసుకుని మూడు తిన్నాడు. అన్న ఆకలితో ఇంటికి వచ్చి వదినను అన్నం పెట్టమన్నాడు.

మా ఆయన వాకిట్లో పడీ పడీ నవ్వాడు. "గాళ్ళతోని ఒకటే మాట బావా! వద్దంటే వద్దే, కావాలంటే కావాలె. నువ్వు అడిగించుకుందామని కూసుంటే ఉపాసమే."

"పెసరట్టు వాసన మస్తుండె," అన్నాడు అన్న దిగులుగా. అమ్మ కూడా నవ్వింది.

నాటకం దగ్గర పడుతుండగా అమ్మకు జ్వరం వచ్చింది. వదిన, నేను ఆ రోజులన్నీ ఇంట్లోనే ఉండిపోయాం. అన్నకు బడిలో పరీక్షల పని పడింది. ఆ సాయంత్రం రిహార్సల్‌కు మా ఆయన ఒక్కడే పోయాడు. అన్న ఉర్దూలో రాసుకున్న కాగితాలు ముందు రోజు హాల్లోనే మరిచి వచ్చాడు.

మా ఆయన తిరిగి వచ్చేసరికి అన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను దగ్గరే గిన్నెలు సర్దుతున్నాను.

"బావా, నీ కాయితాలు డైరెక్టర్ సాబ్ చేతిల పడ్డయి," అన్నాడు మా ఆయన. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"పడితే ఏమాయె?"

"అందరికి చూపెట్టిండు."

"చూపెట్టి?"

"అందరు నవ్విన్రు." మా ఆయన అన్న చేతికి తువ్వాలు అందించాడు. "పోనీ తియ్ బావా. ఫికర్ చెయ్యకు. నేనున్న కద ఆడ."

అన్న తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెలుగు నాటకం ఆడడానికి వచ్చి తెలుగు రాయలేని పంతులు. ఆయన తనను తాను అలా చూసుకున్నాడని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మర్నాడు సాయంత్రం, "తబియత్ మంచిగ లేదని చెప్పు బావా," అన్నాడు. మా ఇళ్ళలో ఆ మాటకు జబ్బు అని అర్థం కాదు. నా మనసు కష్టపడింది, వచ్చి అడగండి అని అర్థం. మా ఆయనకు ఆ అర్థం తెలుసు. డైరెక్టర్ సాబ్‌కు తెలియదని కూడా తెలుసు. ఆయన ఆ మాటను ఒక్క అక్షరం మార్చకుండా తీసుకుపోయి చెప్పాడు.

అన్న ఆ సాయంత్రమంతా గల్లీ వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మా ఆయన రిహార్సల్ నుంచి రాగానే అన్న అడగకుండానే ముఖం చూసేవాడు.

"ఏమన్న అన్నడా?"

"అడిగిండు. తబియత్ ఎట్లున్నదని." చెప్పులు విడుస్తూ, "రాకుంటే రానని చెప్పమనుండ్రి, ఇంకో ఏర్పాటు చేస్కుంటం అన్నడు."

అన్న ముఖం గట్టిపడింది. "చేస్కోమను. నాకేం అభ్యంతరం లేదని చెప్పు."

వదిన, "నువ్వే పోయి ఒకసారి మాట్లాడరాదూ?" అంది. "గడప తొక్కి అడుక్కుంటనా?" అన్నాడు అన్న. మా ఆయన అడ్డు వచ్చాడు. "ఆయన మనసు కష్టపెట్టకు అక్కా. బావ ఇజ్జత్‌కు నేనున్న." అన్న చెప్పిన 'అభ్యంతరం లేదు' కూడా ఉన్నదున్నట్టే డైరెక్టర్ సాబ్‌కు చేరింది. మర్నాడు మా ఆయన వాకిట్లో తల వంచుకుని నిలబడ్డాడు.

"సేనాపతి వేషం నన్ను చెయ్యమంటున్నరు బావా. నేనొద్దన్న. నువ్వు ఔ అంటేనే చేస్త. లేకుంటే నేను గూడ బంద్."

అన్న ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. "పిచ్చోడా, నువ్వు చేస్తే మన ఇంట్లనే ఉన్నట్టాయె." అంతటితో ఆగలేదు. రోజులు తక్కువున్నాయని, మా ఆయన తిరిగి తెచ్చిన ఆ ఉర్దూ కాగితాలు ముందు పెట్టుకుని, ఏ మాట దగ్గర ఊపిరి పీల్చాలో, ఎక్కడ గొంతు దించాలో మా ఆయనకు తనే నేర్పాడు. వాకిట్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటే, నేను బియ్యం ఏరుతూ చూశాను. ఆ మంచితనానికి నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇద్దరి మంచితనానికి.

ఉపసేనాని వేషం ఇంకొకరికి ఇచ్చి, అబిడ్స్‌లో ఒక హాల్లో నాటకం ఆడారు. అన్న రాలేదు. అమ్మను చూసుకోవాలన్నాడు. నేను తెర పక్క నుంచి మాటలు అందించాను. చివరి ఘట్టంలో మా ఆయన, నమ్మినవాడే తనను ముంచాడని తెలుసుకున్న సేనాపతిగా, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అన్న నేర్పిన చోటల్లా ఊపిరి పీల్చాడు. అన్న నేర్పిన చోటల్లా గొంతు దించాడు. తెర పడ్డాక డైరెక్టర్ సాబ్ ఆయనను కౌగిలించుకున్నారు. నా వైపు తిరిగి, "మీ అన్నయ్యగారు కులాసాయేనా అమ్మా?" అని ముక్తసరిగా అడిగారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నవ్వులపాలు చేసి ఇప్పుడు కులాసా అడుగుతున్నాడనుకున్నాను.

అన్న మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. కొన్నాళ్ళకు ఆదిలాబాద్ వైపు బదిలీ అడిగి పోయాడు. ఆ ఊళ్ళోనూ బడి నాటకాలకు పిలిచేవారట, పోలేదట. క్లాసులో పాఠం కూడా తను పైకి చదవడం మానేసి పిల్లలతో చదివించేవాడని వదిన చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడు మా ఆయన, అన్న చేతులు పట్టుకుని అబిడ్స్ దాకా నడిచిపోయి, ఇరానీ హోటల్‌లో చాయ్ తాగి వచ్చేవారు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల తర్వాత అన్న మాటల్లో చేదు పెరిగింది. "గాళ్ళకు మన మాటంటే నవ్వులాట. నా కాయితాలు చూసి నవ్విన్రు గుర్తున్నదా బావా?" అనేవాడు. మా ఆయన ప్రతిసారీ ఒకటే అనేవాడు. "పోనీ తియ్ బావా." ఆ చేదుకు ఊళ్ళో చాలామందికి చాలా కారణాలు ఉండి ఉంటాయి. మా అన్న కారణం మాత్రం ఆ కాగితాలే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఒక ఆదివారం అబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట, వడ్డీల పట్టికల పుస్తకం ఒకటి వెతుకుతున్నాను. పక్కన వంగి పుస్తకాలు తిరగేస్తున్న ముసలాయన తలెత్తి, "మాటలు అందించే అమ్మాయి కదూ?" అన్నారు. డైరెక్టర్ సాబ్. జుట్టంతా నెరిసింది.

నేను నమస్కారం పెట్టి కదలబోయాను. ఆయన వదల్లేదు.

"మీ అన్నయ్యగారు ఎక్కడున్నారమ్మా? నా మీద అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు."

"మీకు తెల్వదా సాబ్?"

"ఏం తెలుసు? ఒంట్లో బాగాలేదన్నారు. చూడ్డానికి వస్తానంటే, మీ ఆయన, వద్దు సార్, పడుకున్నారు, ఎవరైనా వస్తే మర్యాదకి లేచి కూర్చుంటారు, ఇంకా నీరసపడతారు అన్నారు. రెండుసార్లు చెప్పి పంపాను. రాలేకపోతే ఇంకో ఏర్పాటు చేసుకుంటాం, కానీ పోర్షన్ చెప్పకపోయినా పర్లేదు, వచ్చి కూర్చోమనండి చాలు అని. ఏమీ చెప్పలేదా?"

చేతిలోని పుస్తకం కింద పెట్టాను. బస్సులు పోతున్నాయి. పుస్తకాల వాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు.

"మరి కాయితాలు?" అన్నాను చివరికి. "అన్న ఉర్దూల రాస్కున్న కాయితాలు మీరు అందరికి చూపెట్టి నవ్విన్రట."

ఆయన కళ్ళజోడు తీశారు. "నవ్వామమ్మా. మమ్మల్ని చూసి మేమే నవ్వుకున్నాం. తెలుగులో పుట్టి, తెలుగులో చదువుకుని, మాలో ఒక్కడికీ పోర్షన్ రాలేదు. ఆయన మరో లిపిలో రాసుకుని మొత్తం కంఠస్థం చేశాడు. చూడండ్రా, సిగ్గు తెచ్చుకోండ్రా అని చూపించాను. అందరికంటే ఎక్కువ మీ ఆయనే మెచ్చుకున్నారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆయనకి చెప్పమ్మా. ఆ గొంతు నేను మళ్ళీ ఎక్కడా వినలేదని చెప్పు," అన్నారు.

నేను పుస్తకం కొనకుండానే ఇంటికి వచ్చాను.

మా ఆయన మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు. ఇంటి పనిలో చెయ్యి వేయని మనిషి కాదు. నేను నిలబడే అన్నీ చెప్పాను. ఆయన చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టాడు.

"గప్పటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"రమ్మని రెండుసార్లు చెప్పి పంపిన అన్నడు. మీరు చెప్పలే."

"నేనేం అబద్ధం చెప్పిన? ఒక్కటి చూపెట్టు. కాయితాలు చూపెట్టలేదా? నవ్వలేదా? ఏర్పాటు చేస్కుంటం అనలేదా? లెక్కలు చూసేదానివి కద, నువ్వే చూడు."

నేను చూశాను. నిజంగానే అన్నతో ఆయన చెప్పినవాటిలో అబద్ధం దొరకలేదు. ఆయన వదిలేసినవే అన్నీ. ఒక వాక్యంలో ముందు భాగం ఇటు తెచ్చాడు, వెనక భాగం అక్కడే వదిలాడు.

"ఎందుకు చేసిన్రు?" అన్నాను. "గాయన మీకేం తక్కువ చేసిండు?"

మడత పెట్టిన చొక్కాను అరచేత్తో సర్దాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "డైరెక్టర్ సాబ్ కుర్చీల నుంచి లేచినప్పుడు, నువ్వు ఎవరిని చూసినవ్?"

"అన్నను."

"అందరు గాయననే చూసిన్రు." మరో బట్ట అందుకున్నాడు. "నేను గూడ."

అన్నంటే ఆయనకు ప్రేమ లేదని ఇప్పటికీ నేను అనలేను. అది ఉండి కూడా ఇది చేశాడు. అదే నాకు మింగుడుపడదు.

ఆ ఏడే అన్నకు కాలేయం చెడింది. వదిన నాంపల్లికి తీసుకువచ్చింది. మాకు దగ్గరలోని దవాఖానలో చేర్పించాం. చేర్పించిన దగ్గర నుంచి చాకిరీ అంతా మా ఆయనే చేశాడు. డాక్టర్లను బతిమాలాడు, మందుల కోసం దుకాణాలన్నీ తిరిగాడు, అన్న గడ్డం తనే గీసేవాడు. పక్క మంచాల వాళ్ళు, "సొంత తమ్ముడా?" అని అడిగేవారు.

అన్న ఇంక కోలుకోడని డాక్టరు చెప్పాడు. నాకు అప్పటి నుంచి ఒకటే ఆలోచన. అన్న ఆ కాగితాల నవ్వును గుండెల్లో పెట్టుకుని పోతాడా? ఆ గొంతు మళ్ళీ ఎక్కడా వినలేదన్న మాట అన్న సొత్తు. ఆయనకు చేరాల్సింది. ఇన్నేళ్ళు దారిలో ఆగిపోయింది. అది చెప్తే, ఎవరి దగ్గర ఆగిందని అడగకుండా ఉంటాడా? అడిగితే, ఆయనకు మిగిలిన ఒక్క స్నేహం పోతుంది. పూటపూటా నోట్లో చెంచా పెడుతున్న చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. ఒకటి ఇవ్వాలంటే ఒకటి తీసుకోవాలి. ఎంత బరువుకు ఎంత బరువో నాకు తేలలేదు.

ఒక మధ్యాహ్నం వదిన ఇంటికి పోయింది. మా ఆయన మందులకు పోయాడు. అన్న కళ్ళు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. ఉన్నట్టుండి, "మన మాట నిజంగ మోటేనా చెల్లె?" అన్నాడు.

ఇంక ఆగలేకపోయాను. డైరెక్టర్ సాబ్ కలిశారని, ఎందుకు నవ్వారో, ఏమన్నారో చెప్పాను. గొంతు మాట చెప్పాను. అన్న కళ్ళు నా ముఖం మీదికి తిరిగాయి. ఆ చూపులో మొదట ఏదో వెలిగింది. అది నేను చూశాను, నా భ్రమ కాదు.

"రమ్మని చెప్పి పంపిండట అన్నా. రెండుసార్లు."

"ఎవరితోని?"

నేను మా ఆయన కూర్చునే స్టూలు వైపు చూశాను. ఆ వెలుగు పోయింది. కానీ నేను భయపడినట్టు జరగలేదు. అన్న పసుపు పచ్చబడిన చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"నువ్వు అమాయకురాలివి. గాయన ఇన్నేండ్లకు కనబడి తన తప్పు బావ మీదికి నెట్టిండు. నువ్వు నమ్మినవ్. చెవుల పోసేటోళ్ళ మాటలు వినకు చెల్లె. కాపురాలు గిట్లనే కూలుతయి."

"అన్నా, అది కాదు..."

"నాటకంల సేనాపతి చేసిన పనే కదనే నువ్వు చేస్తున్నది? ఎవడో చెప్తే సొంత మనిషిని అనుమానిస్తవా?"

అప్పుడే మా ఆయన వచ్చాడు. చేతిలో మందుల పొట్లం, బత్తాయిలు. అన్న ఆయనను దగ్గరికి రమ్మన్నాడు. ఆయన మంచం పక్కన కూర్చున్నాడు.

"బావా, దీనికి ఎవరో నీ మీద చెప్పిన్రు. డైరెక్టర్ సాబట. నువ్వేం మనసుల పెట్టుకోకు. దీన్ని మంచిగ చూస్కో."

బత్తాయి తొక్క తీయబోయిన మా ఆయన వేళ్ళు అలాగే ఆగిపోయాయి. అన్న చెయ్యి ఆయన మోకాలి మీద ఉంది. అన్న ముఖంలో ఆందోళన. నా మీద బెంగ. నేను ఇంటికి పోయి ఏం గొడవ చేస్తానో అని. మా ఆయన నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తాడనుకున్నాను. చేతిలోని బత్తాయి వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"ఔ అన్నా," అన్నాను నేను. "నేనే తప్పు విన్న. ఇంక ఆ ముచ్చట తియ్య."

అన్న ఊపిరి వదిలాడు. ఆయన ముఖం నెమ్మదించింది. మా ఆయన తొనలు ఒలిచి, గింజలు తీసి, ఒక్కొక్కటే ఆయన నోట్లో పెట్టాడు.

ఆ వారంలోనే అన్న పోయాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా ఆయన. నేను చాలాకాలం ఆ ఏడుపులో నటన వెతికాను. దొరకలేదు.

పేపర్లో చూసి డైరెక్టర్ సాబ్ మా ఇంటికి వచ్చారు. వాకిట్లో కుర్చీ వేశాం. మా ఆయన ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. డైరెక్టర్ సాబ్ గత్యంతరం లేక పలకరించారు, మా ఆయన తల వంచుకున్నాడు. చివరికి ఆయన నా వైపు తిరిగారు.

"నా మాట ఆయనకి చెప్పావా అమ్మా?"

మా ఆయన తల ఎత్తలేదు. చాప అంచు ఈనె ఒకటి వేళ్ళతో పీకుతున్నాడు.

ఈ పెద్దాయన అబద్ధాలకోరని నమ్మి అన్న పోయాడు. ఆ సంగతి నాకు, చాప మీది మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"చెప్పిన సాబ్," అన్నాను. "మస్తు సంతోషపడ్డడు."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "పోనీలేమ్మా. అదొక్కటీ నా మనసులో ముల్లులా ఉండేది," అని లేచారు. నేను గల్లీ మొదలు దాకా పోయి రిక్షా ఎక్కించి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి మా ఆయన చాప మీదనే ఉన్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా ఎన్నడూ చూడలేదు. ఆ చూపు నిండా కృతజ్ఞత. ఆ అబద్ధం నేను ఆడింది ఆయన కోసం కాదని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఖాళీ కుర్చీ తీసి లోపల పెట్టాను.